ఆసనశిల్పంలో పురాణ ప్రతీక: కోరుకొండ వాహనసేవ, తెలుగు కావ్యం, ఐర్లండు భోజనశాల

తూర్పు గోదావరి జిల్లాలోని కోరుకొండ 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుని రాజధాని. ఇక్కడి కొండపై కొలువైన లక్ష్మీనరసింహస్వామికి ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు కల్యాణం, రథోత్సవం జరుగుతాయి. వైష్ణవాలయ ఉత్సవాలలో స్వామి అధిష్ఠించే గరుడ, హనుమంత, శేష వాహనాలు సంప్రదాయికంగా దారుశిల్పాలు. ప్రయోజనాన్ని బట్టి ఇవి ఆసనాలే. అయితే వీటిపై ఆసీనుడయ్యేది దైవం మాత్రమే. మనిషి కూర్చునే, భుజించే సామగ్రిపై పురాణ ప్రతీకను చెక్కినపుడు దాని అర్థం ఎలా మారుతుందన్నది ఇక్కడ విచార్యం.

ఐర్లండులో 18వ శతాబ్దపు సంపన్న గృహాల భోజనశాలలలో, వంటకాలు అమర్చే మహాగని బల్లల అంచులపై సింహముఖాలు, సాటిర్ ముఖాలు కనిపిస్తాయి. వాటి కాళ్లు మృగపాదాలుగా ముగుస్తాయి. గ్రీకు పురాణంలో సాటిర్ మద్యదేవత డయోనిసస్ అనుచరుడు కనుక విందుగదికి ఆ ముఖం తగినదే. ఆ శిల్పం గృహస్థుని సంపదను, విద్యాభిరుచిని చాటుతుంది. 1851 లండన్ మహాప్రదర్శనలో డబ్లిన్‌కు చెందిన ఆర్థర్ జోన్స్ బురదనేలల్లో తరతరాలుగా పూడిన కొయ్యతో చేసిన సామగ్రిని ఉంచాడు. అందులో ఒక కుర్చీ చేతులు ఐరిష్ వేటకుక్కల రూపంలో ఉన్నాయి. ఇక్కడ శిల్పం చాటేది గృహస్థుని హోదాను కాదు, జాతి గతాన్ని.

తెలుగు కావ్యంలోని ఆసనశిల్పం ఇందుకు భిన్నమైనది. 15వ శతాబ్దికి చెందిన కొఱవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో విక్రమార్కుని సింహాసనంపైని 32 సాలభంజికలు భోజరాజును అడ్డగించి, విక్రమార్కుని ఔదార్యాన్ని కథలుగా చెబుతాయి. ఆ బొమ్మలు కూర్చోబోయేవాని గొప్పను చాటవు, అతని అర్హతను పరీక్షిస్తాయి.

విశాఖపట్నం దంతపుపనిని ఈ నేపథ్యంలో పరిశీలించాలి. 18వ శతాబ్దంలో ఐరోపావారి కోసం చేసిన కుర్చీలపై, బల్లలపై పూలతీగెలదే ప్రాధాన్యం. 19వ శతాబ్దపు పెట్టెలపై దేవతామూర్తులు కూడా చోటుచేసుకున్నాయి. ఈ తేడాకు కొనుగోలుదారుల అభిరుచి ఒక కారణం కావచ్చు. దేవతారూపంపై కూర్చోరాదన్న సంస్కారాన్ని కూడా కారణాలలో చేర్చి పరిశీలించవలసి ఉంది.

కొయ్య జాతిని, కాలాన్ని, కొలతలను మాత్రమే నమోదు చేసే వస్తుపట్టికలో ఈ అంశం అందదు. జీర్ణించిన వాహనం స్థానంలో కొత్తది వచ్చినపుడు పాతదాని రూపంతో పాటు దాని సేవాక్రమం, స్థానిక కథనం కూడా నమోదు కావాలి. ఆసనశిల్పానికి అర్థాన్నిచ్చేది చెక్కిన బొమ్మ ఒక్కటే కాదు, ఆ ఆసనంపై ఎవరికి చోటుందన్న విషయం కూడా.