రైలుతో వచ్చిన స్టేషన్

‘స్టేషన్‌కి రమ్మన్నారు’ అంటే ఇంటిల్లిపాదికీ గుండె దడ. ‘స్టేషన్‌కి వెళ్తున్నా’ అంటే ఏ చుట్టమో రైలు దిగుతున్నాడన్నమాట. మాట ఒకటే, పక్కన చేరిన క్రియను బట్టి అర్థం తేలిపోతుంది. హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఈ మాట ఎన్ని పనులు చేస్తోందో కళ్లారా చూడొచ్చు. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల స్టేషన్, మెట్రో స్టేషన్, పోలీస్ స్టేషన్లన్నిటికీ పైనుండే డీజీపీ కార్యాలయం, కాస్త అవతల అసెంబ్లీ దగ్గర ఆకాశవాణి రేడియో స్టేషన్, ఆ పైన నాంపల్లి రైల్వే స్టేషన్.

లాటిన్‌లో స్టేషన్ అనే మాటకు మూలార్థం నిలబడటం. అబిడ్స్ దుకాణాల్లో కొనే స్టేషనరీ కూడా ఈ కుటుంబానిదే. ఊరూరా తిరగకుండా ఒకచోట కూర్చుని పుస్తకాలు అమ్మేవాళ్లను ఒకప్పుడు ఇంగ్లాండులో స్టేషనర్ అన్నారు. మన దేశంలో తెల్లదొరలు తాము కాపురముండే చోటును స్టేషన్ అనుకున్నారు. హిల్ స్టేషన్ ఆ వాడుకకు మిగిలిన ఆనవాలు.

తెలుగువాళ్లకు మాత్రం ఈ మాటను అలవాటు చేసింది రైలే. 1862లో మద్రాసు రైలుమార్గం రేణిగుంట దాకా వచ్చింది. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు నడిచింది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. అంతకుముందు ప్రయాణంలో ఆగే చోటుకు మనకు ‘మజిలీ’ అనే చక్కని మాట ఉండేది. రైలుకు అది ఎందుకు అతకలేదు? మజిలీలో ఎప్పుడు లేచి బయల్దేరాలో బాటసారి ఇష్టం. స్టేషన్‌లో అది టైంటేబుల్ ఇష్టం. కొత్త క్రమశిక్షణ తన పేరును తానే తెచ్చుకుంది. పల్లె నోట అది టేసను అయింది. ఊరిపేరులోకీ ఎక్కింది. నేటి జనగామ జిల్లాలోని స్టేషన్ ఘన్‌పూర్ ఇప్పుడు ఒక అసెంబ్లీ నియోజకవర్గం.

పోలీసుల విషయంలో ఠాణా అనే మాట ముందునుంచే ఉంది. తెలంగాణలో ఇప్పటికీ వినిపిస్తుంది, పత్రికల శీర్షికలకూ అదే ఇష్టం. అయినా జనం మనసులో స్టేషన్ అంటే అధికారం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, ఆ వెంటనే కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. మన్యం గుర్తుపెట్టుకున్న స్టేషన్లు అవి, రైలువి కావు. లోపలి భాష మరింత చిక్కనిది. కాగితం పని చూసే కానిస్టేబుల్ స్టేషన్ రైటర్. కోర్టు గడప తొక్కకుండా దొరికేది స్టేషన్ బెయిల్. పోలీసులు అరెస్టు చేయకుండా నోటీసిచ్చి పంపినా జనం దాన్నీ స్టేషన్ బెయిలే అంటారు. చట్టంలో ఆ పేరు లేదు, వాడుకలో దానికి తిరుగులేదు.

రేడియో కథ వేరు. హైదరాబాద్‌లో అది అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో చిన్న ప్రైవేటు ప్రసారంగా మొదలైంది. 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసింది. ఇక్కడ తెలుగు గెలిచింది. ‘ఆకాశవాణి, హైదరాబాద్ కేంద్రం’ అని రోజూ వినీవినీ కేంద్రం మన చెవికి సొంతమైంది. బోర్డు మీది పేరుకు అంత బలం ఉండదు. ఆర్టీసీ బస్ స్టేషన్ అని రాసుకున్నా మనం వెళ్లేది బస్టాండ్‌కే. కరెంటు కోసం రైతు ధర్నా చేసేది మాత్రం సబ్‌స్టేషన్ ముందే.

2003లో ఎంఎంటీఎస్, 2018 సెప్టెంబరులో మెట్రో లక్డీకాపూల్‌కు వచ్చాయి. రెండూ స్టేషన్‌నే ఎంచుకున్నాయి. నూటయాభై ఏళ్లు దాటి ఇన్ని అర్థాలు మోస్తున్న మాటను పరాయిదని పక్కన పెట్టడం న్యాయం కాదు. నిఘంటువులు రాసేవారు టేసనును, స్టేషన్ బెయిల్‌ను అర్థాలతో, ప్రయోగాలతో సహా తెలుగు మాటలుగా చేర్చాలి. మీ ఊళ్లో పెద్దవాళ్లు ఈ మాటను ఎలా పలుకుతారో, దేనికి వాడతారో వాళ్లుండగానే రాసి పెట్టండి.