చిన్నపిల్లలకు ఎక్స్-రే తీయడం

చిన్నపిల్లలకు ఎక్స్-రే తీయడం వైద్య చిత్రణ శాస్త్రంలో ఒక ప్రత్యేకమైన విభాగం. అప్పుడే పుట్టిన శిశువు మొదలుకొని బడి ఈడు పిల్లల వరకు వారి ఎముకలను, ఊపిరితిత్తులను, ఉదరభాగాన్ని ఎక్స్ కిరణాల సాయంతో చిత్రించే పద్ధతులన్నీ దీని క్రిందికి వస్తాయి. యంత్రం పెద్దలకు వాడేదే కావచ్చును గానీ, పని తీరు వేరు. ఊపిరి బిగబట్టమంటే శిశువు బిగబట్టదు, కదలవద్దంటే ఊరుకోదు. ఎదిగే వయసులో కణవిభజన వేగంగా జరుగుతుంది కనుక వికిరణ ప్రభావం వారిపై ఎక్కువ. అంతేకాక ముందున్న ఆయుర్దాయం దీర్ఘమైనది కాబట్టి, ఆ ప్రభావం ఎన్నో ఏళ్ళ తరువాత బయటపడే అవకాశమూ ఎక్కువే. చిత్రం చెదిరిపోయి రెండవసారి తీస్తే మోతాదు రెట్టింపవుతుంది. అందువలన మొదటిసారి తీసిన చిత్రమే పనికివచ్చేలా చూడటం ఈ విభాగంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం.

చరిత్ర

జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్జెన్ 1895 నవంబర్ 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. తొలినాళ్ళలో ఒక్కొక్క చిత్రానికి నిమిషాల తరబడి కిరణాలు ప్రసరింపజేయవలసి వచ్చేది. అంతసేపు పసిపిల్లలను కదలకుండా ఉంచడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. 1910లో బోస్టన్ శిశువైద్యుడు థామస్ మోర్గాన్ రాచ్ పిల్లల ఎక్స్-రే చిత్రాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1945లో న్యూయార్క్‌కు చెందిన జాన్ కాఫీ వ్రాసిన పుస్తకం ఈ శాస్త్రానికి పునాది అయినది.

ఈ చరిత్రలో మరువరాని అధ్యాయం థైమస్ గ్రంథిది. ఛాతీ పైభాగంలో, గుండెకు ముందు ఉండే ఈ గ్రంథి శిశువులలో సహజంగానే పెద్దది. వయసు పెరిగే కొద్దీ కుంచించుకుపోతుంది. ఈ సంగతి అప్పటి వైద్యులకు సరిగా తెలియదు. శవపరీక్షలకు వచ్చే పిల్లల్లో అధికులు దీర్ఘకాలం జబ్బుపడి చనిపోయినవారు. జబ్బు వలన వారి థైమస్ చిక్కిపోయి ఉండేది, దానినే సహజ పరిమాణమని భావించారు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా మరణించిన శిశువులలో గ్రంథి పెద్దదిగా కనబడితే, అదే గాలిగొట్టాన్ని నొక్కి చంపిందని తీర్మానించారు. ఆ పైన ఎక్స్-రేలో పెద్ద నీడ కనిపించిన పిల్లలకు, గ్రంథిని కుదించడానికి వికిరణ చికిత్స చేయసాగారు. లేని రోగానికి మందు అన్నమాట! కాఫీ తన గ్రంథంలో ఈ వాదాన్ని తోసిపుచ్చాడు. ఆ చికిత్స పొందిన పిల్లలకు తరువాతి కాలంలో థైరాయిడ్ కాన్సర్ వస్తున్నదని 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అనే వైద్యులు ఎత్తి చూపారు. నేడు శిశువు ఛాతీ చిత్రంలో తెరచాప ఆకారంలో కనిపించే ఆ నీడను ఆరోగ్య లక్షణంగానే గుర్తిస్తారు.

1920ల నుండి కొన్ని దశాబ్దాల పాటు అమెరికా, ఐరోపాలలోని చెప్పుల దుకాణాలలో పిల్లల పాదాలను ఫ్లోరోస్కోప్‌లో చూసి బూట్లు అమరినదీ లేనిదీ చెప్పేవారు. ఈ వాడకాన్ని తరువాత చట్టాలతో ఆపవలసి వచ్చింది. 1958లో ఇంగ్లాండులో ఆలిస్ స్టీవర్ట్ బృందం గర్భిణులకు తీసే ఎక్స్-రేలకూ, పుట్టిన పిల్లల్లో వచ్చే కాన్సర్‌కూ సంబంధమున్నదని వెల్లడించిన తరువాత వైద్యలోకంలో జాగ్రత్త పెరిగింది.

తీసే విధానం

ముందుగా ఒంటి మీది వస్తువులు తీయాలి. మన ప్రాంతంలో పిల్లలకు తాయెత్తు, మొలత్రాడుకు కట్టిన వెండి బిళ్ళ, మురుగులు, మెడలో గొలుసు ఉండటం మామూలే. లోహమైనదేదైనా చిత్రంలో తెల్లగా పడి క్రింది భాగాన్ని కప్పివేస్తుంది. దిష్టి తగులుతుందని తాయెత్తు విప్పడానికి కొందరు తల్లులు సంకోచిస్తారు. కసురుకోకుండా, చిత్రం పూర్తికాగానే తిరిగి కట్టవచ్చునని నచ్చజెప్పడం మేలు. బిగుతుగా అల్లిన జడ కూడా ఊపిరితిత్తుల పైభాగాన నీడగా పడి వ్యాధి ఉన్నట్లు భ్రమ కలిగించగలదు.

తరువాత పట్టుకొనే సమస్య. పసిపిల్లలను మెత్తని గుడ్డలో చుట్టి, ఇసుక సంచులు, నురుగు దిమ్మలు ఆనించి నిలుపుతారు. కొన్ని ఆసుపత్రులలో పిగ్-ఓ-స్టాట్ అనే సాధనంలో కూర్చోబెడతారు. గాజుసీసాలో బిగించినట్లు కనబడటం వలన తల్లిదండ్రులు కంగారుపడతారు గానీ దాని వలన నొప్పి ఉండదు. ఇవేవీ కుదరనప్పుడు తల్లి గాని తండ్రి గాని సీసపు ఏప్రన్ ధరించి, తమ చేతులు కిరణాల దారిలో పడకుండా బిడ్డను పట్టుకోవాలి. గర్భవతి పట్టుకోరాదు. ప్రతిరోజూ ఈ పనిలో ఉండే రేడియోగ్రాఫర్ కూడా పట్టుకోకూడదు.

ఛాతీ చిత్రానికి శ్వాస లోనికి తీసుకున్న క్షణం కావాలి. ఏడ్చే బిడ్డ ఒక ఏడుపుకూ మరొక ఏడుపుకూ నడుమ నిండుగా గాలి పీలుస్తుంది. అనుభవం గల రేడియోగ్రాఫర్ కడుపు కదలికను గమనిస్తూ సరిగ్గా ఆ సమయానికి మీట నొక్కుతాడు. శ్వాస వదిలినప్పుడు తీస్తే ఊపిరితిత్తులు మసకగానూ, గుండె పెద్దదిగానూ కనబడి లేనిపోని అనుమానాలకు దారితీస్తుంది. కిరణప్రసార సమయం సెకనులో అతి స్వల్ప భాగమే ఉండాలి. పెద్దలకు వాడే గ్రిడ్ అనే జల్లెడ పలక సన్నని శరీరానికి అనవసరం, దాని వలన మోతాదు పెరుగుతుంది. కిరణపుంజాన్ని కావలసిన భాగానికే పరిమితం చేయడం మరువరాదు. ఛాతీ కోసం వచ్చిన శిశువుకు తల నుండి తొడల వరకు చిత్రం తీయడం మంచి పద్ధతి కాదు.

ముఖ్య సందర్భాలు

పిల్లలు నాణెం మింగారని తెచ్చినప్పుడు ఎదుటి నుండీ, ప్రక్క నుండీ రెండు చిత్రాలు తీస్తారు. గుండ్రటి నీడ అంచులో రెండవ వలయం కనిపిస్తే అది నాణెం కాక బటన్ బ్యాటరీ కావచ్చును. అన్నవాహికలో చిక్కిన బ్యాటరీ రెండు గంటలలోనే తీవ్రమైన కాలిన గాయం చేయగలదు. వికిరణమంటే భయపడి అటువంటి వేళ ఎక్స్-రే వద్దనడం ప్రాణాంతకం. ఇందుకు భిన్నంగా, శ్వాసనాళంలోకి పోయిన వేరుశనగ గింజ ఎక్స్-రేలో కనబడదు. అయితే శ్వాస వదిలిన తరువాత కూడా ఒకవైపు ఊపిరితిత్తిలో గాలి నిలిచిపోవడాన్ని బట్టి వైద్యుడు ఊహించగలడు. చిత్రం బాగుందని చెప్పి అనుమానాన్ని వదిలివేయరాదు.

ఎదిగే ఎముకల చివర మృదులాస్థి పొరలు చిత్రంలో సందులుగా కనబడి, తెలియనివారికి విరిగినట్లు తోస్తాయి. రికెట్స్‌లో మణికట్టు ఎముకల చివరలు వెడల్పై గిన్నెలా మారతాయి. ఎముకల వయసు నిర్ణయానికి ఎడమచేతి చిత్రం తీసి, 1950లో గ్రూలిచ్, పైల్ ప్రచురించిన అట్లాసుతో పోల్చడం ఇప్పటికీ వాడుకలో ఉన్నది. కాఫీ 1946లో, తలలో రక్తం గడ్డకట్టిన ఆరుగురు శిశువుల పొడవైన ఎముకలు విరిగి ఉండటాన్ని వివరించాడు. కారణం పెద్దలు కొట్టడమేనన్న సంగతిని 1962లో హెన్రీ కెంప్ బృందం స్పష్టంగా ప్రకటించింది. బిడ్డ నోరు విప్పి చెప్పలేనిదాన్ని ఎముకలు చెప్పిన సందర్భమిది.

మోతాదు, రక్షణ

ఒక మామూలు ఛాతీ ఎక్స్-రే మోతాదు మిల్లీసీవర్టులో కొన్ని వందవ వంతులు మాత్రమే. ప్రకృతి నుండి మనిషికి ఏటా అందే వికిరణం ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. సీటీ స్కాన్ మోతాదు ఛాతీ ఎక్స్-రే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకనే పిల్లల విషయంలో దానిని ఆచితూచి వాడాలని 2008లో అమెరికాలో 'ఇమేజ్ జెంట్లీ' ప్రచారం మొదలైనది. భారతదేశంలో ఎక్స్-రే యంత్రాల పర్యవేక్షణ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. జననాంగాలపై సీసపు కవచం ఉంచడం చాలాకాలం ఆచారంగా ఉండేది. అది పక్కకు జరిగి అవసరమైన భాగాన్ని కప్పివేయడం, మళ్ళీ తీయవలసి రావడం వంటి కారణాల వలన, దానిని అలవాటుగా వాడవద్దని 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం సూచించింది. కొన్ని ఆసుపత్రులలో ఇప్పటికీ ఆ కవచాన్ని అడిగే తల్లిదండ్రులున్నారు.

పాత చిత్రాలను, వాటి నివేదికలను తేదీతో సహా భద్రపరచి వైద్యుని వద్దకు తీసుకువెళితే, అదే భాగానికి మరల ఎక్స్-రే తీయవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.