భాగం 9: పాత మోటారు సైకిల్ – ఒక చారిత్రక ఆధారం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• స్వాతంత్ర్యానంతర భారతదేశ ఆర్థిక విధానాల ప్రభావాన్ని ఒక చిన్న మోటారు సైకిల్ ద్వారా వివరించగలుగుతారు.
• చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత స్థానిక చరిత్రలో ద్విచక్ర వాహనం పాత్రను పరిశీలించగలుగుతారు.
• సంరక్షణ, పునరుద్ధరణ, రూపమార్పుల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• పాత వాహనాలకు సంబంధించిన చట్టపరమైన నియమాలను తెలుపగలుగుతారు.

9.1 పరిచయం

చారిత్రక ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. మీ ఇంటి వెనుక రేకుల షెడ్డులో గోనెసంచి కప్పి ఉన్న తాతగారి మోటారు సైకిల్ కూడా ఒక ఆధారమే. శాసనాన్ని చదవడానికి లిపి తెలియాలి. బండిని చదవడానికి దాని భాగాలు, అవి తయారైన కాలం, వాటిని మార్చిన చేతులు తెలియాలి. పాత బండిని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలనుకునేవారు నేడు మన పట్టణాలలో, పల్లెలలో కనిపిస్తున్నారు. ఆ పనిలో ఒక చిక్కు ఉంది. బాగుచేసే ప్రతిసారీ బండిలో నిలిచి ఉన్న చరిత్రలో కొంత చెరిగిపోతుంది. ఏది చెరపవచ్చు, ఏది చెరపకూడదు అన్నదే ఈ భాగంలో మనం చర్చించే ప్రధాన సమస్య.

9.2 బండి వెనుక ఉన్న ఆర్థిక చరిత్ర

1951లో వచ్చిన పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం, ఏ కర్మాగారం ఏ వస్తువును ఎంత తయారుచేయాలో ప్రభుత్వ లైసెన్సు నిర్ణయించేది. విదేశీ మారక ద్రవ్యం కొరత వల్ల పూర్తి వాహనాల దిగుమతి దాదాపు సాధ్యమయ్యేది కాదు. అందువల్ల విదేశీ నమూనాలను తీసుకుని, క్రమంగా ఇక్కడే విడిభాగాలు తయారుచేసే పద్ధతి వచ్చింది. 1955లో మద్రాసులో బ్రిటన్ సంస్థ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1961లో మైసూరులో ఐడియల్ జావా సంస్థ చెకోస్లొవేకియా నమూనా జావా 250ని తయారుచేయడం మొదలుపెట్టింది. ఢిల్లీ దగ్గరి ఫరీదాబాదులో ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్‌కు చెందిన ఎస్.హెచ్.ఎల్. నమూనా ఆధారంగా రాజ్‌దూత్‌ను తెచ్చింది. చివరి రెండూ తూర్పు యూరప్ దేశాల నమూనాలు కావడం గమనించండి. నాటి అలీన విధానం, సోషలిస్టు దేశాలతో మన వాణిజ్య సంబంధాలు ఇలా పల్లె బాట మీదికి చేరాయి.

మన హైదరాబాదులోనూ ఇటువంటి ప్రయత్నం జరిగింది. 1942లో స్థాపించిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సు బాడీలు, రిఫ్రిజిరేటర్లు, గడియారాలతో పాటు పుష్పక్ అనే స్కూటరును కూడా తయారుచేసింది. ఇటలీలోని లాంబ్రెట్టా యంత్రాలను కొనుగోలు చేసి లక్నోలో నెలకొల్పిన ప్రభుత్వ రంగ సంస్థ స్కూటర్స్ ఇండియాతో దీనికి సంబంధం ఉంది.

ఉత్పత్తి తక్కువ, గిరాకీ ఎక్కువ కావడంతో కొన్ని స్కూటర్లకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. కొత్త బండి దొరకడం కష్టమైన ఆ కాలంలో పాత బండిని పడేయడం అన్న ఆలోచనే ఉండేది కాదు. బోరింగ్ చేయించడం, ఓవర్‌సైజు పిస్టన్ వేయించడం, పగిలిన భాగానికి లేతు మీద బదులు భాగం చేయించడం మామూలు విషయాలు. మన మెకానిక్కుల నైపుణ్యం ఈ కొరత నుండే పెరిగింది.

1980లలో జపాన్ సంస్థల సహకారానికి అనుమతి లభించాక పరిస్థితి మారింది. ఇండ్-సుజుకి (1984), హీరో హోండా సి.డి.100 (1985), యమహా ఆర్.ఎక్స్.100 (1985) వచ్చాయి. 1991 సంస్కరణలు లైసెన్సు విధానాన్ని చాలావరకు తొలగించాయి. 1990లలో కఠినమైన ఉద్గార ప్రమాణాలు టూ-స్ట్రోక్ బండ్లను వెనక్కి నెట్టాయి. 1973 నుండి యెజ్డి పేరుతో బండ్లు తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. ఆర్.ఎక్స్.100 ఉత్పత్తి కూడా అదే సంవత్సరం ఆగిపోయింది.

9.3 చేవెళ్ల, మొయినాబాద్: దారి, రెండు చెరువులు

హైదరాబాదు నుండి బీజాపూర్ వెళ్లే రహదారి మర్రిచెట్లకు పేరుపొందింది. ఆ దారిలోనే మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ల వస్తాయి. ఈ ప్రాంతానికి ఆనుకుని మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) నిర్మించారు. వీటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996లో ప్రభుత్వం జీవో 111 జారీచేసింది. 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలపై, పెద్ద నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో ఈ ఆంక్షలను సడలించింది.

నగరానికి ఇంత దగ్గరగా ఉండి కూడా ఈ గ్రామాలు చాలాకాలం వ్యవసాయం మీదనే ఆధారపడ్డాయి. కూరగాయలు, పూలు, పాలు తెల్లవారకముందే నగరానికి చేరాలి. బస్సు వేళలు రైతు వేళలతో కలవవు. లారీకి సరిపడా సరుకు ఒక్కరి దగ్గర ఉండదు. ఈ ఖాళీని పూరించినది మోటారు సైకిల్. మూడు గేర్లు, 173 సి.సి. ఇంజిన్ ఉన్న రాజ్‌దూత్ బరువు మోయగలదు, గతుకుల బాటను తట్టుకోగలదు. దాని నిర్మాణం సులువు కాబట్టి ఊళ్లోనే బాగుచేసుకోవచ్చు.

9.4 బండిని చదవడం ఎలా?

పాత బండిని విప్పే ముందు దాన్ని ఒక తవ్వకస్థలంగా భావించండి. పురావస్తు శాస్త్రజ్ఞుడు పొరలను నమోదు చేయకుండా తవ్వడు. మీరు కూడా ఈ క్రింది అంశాలను ముందుగా రాసుకోండి, ఫోటోలు తీసుకోండి.

(అ) అంకెలు: ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోతున్నాయా? నంబరు ప్లేటు కూడా ఒక పత్రమే. మూడు అక్షరాల తరువాత అంకెలు ఉంటే అది 1989కి ముందు పద్ధతి. ఏపీ 28 ఉమ్మడి రాష్ట్రంలోని రంగారెడ్డి జిల్లాను సూచిస్తుంది. టీఎస్ 2014 తరువాత, టీజీ 2024 తరువాత వచ్చాయి.

(ఆ) రంగు పొరలు: ట్యాంకు అడుగున, సీటు కింద ఎవరి చేయీ పడని చోట అసలు రంగు మిగిలి ఉంటుంది. దానిని గీకకుండా నమూనాగా ఉంచండి.

(ఇ) అతుకులు: ఎక్కడ వెల్డింగ్ చేశారు? ఏ బోల్టు వేరే బండిది? పాల క్యాన్లు తగిలించిన కొక్కేల గుర్తులు ఉన్నాయా? చీర చక్రంలో చిక్కుకోకుండా అమర్చిన కమ్మీల చట్రం, ఒక పక్కకు కూర్చునే స్త్రీల కోసం ఉన్న కాలిమెట్టు ఉన్నాయా? విదేశీ నమూనాలో లేని ఈ భాగాలు మన సమాజం ఆ యంత్రానికి చేర్చినవి. వెనుక కూర్చునేవారి కోసం పట్టుకునే పిడి, కాలిమెట్టు, సగం చక్రానికి కప్పు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా చెప్పాయి.

(ఈ) మౌఖిక చరిత్ర: ఈ బండిని ఎవరు కొన్నారు, ఎంత కట్టారు, ఏ దారిన ఏ సరుకు మోసింది అని ఇంట్లోని పెద్దలను అడిగి రాసుకోండి. ఈ వివరాలు ఏ కార్యాలయంలోనూ దొరకవు. చెప్పేవారు లేకపోతే మరి దొరకవు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
రాజ్‌దూత్, జావా నమూనాలు ఏ దేశాల నుండి వచ్చాయి? ఇది నాటి భారత విదేశాంగ విధానం గురించి ఏమి తెలుపుతుంది?

9.5 సంరక్షణ, పునరుద్ధరణ, రూపమార్పు

ఉన్నదాన్ని మరింత పాడవకుండా ఆపడం సంరక్షణ. పోయిన భాగాన్ని ఆధారాల ప్రకారం తిరిగి అమర్చడం పునరుద్ధరణ. సొంత అభిరుచి ప్రకారం కొత్త ఆకారం ఇవ్వడం రూపమార్పు. కట్టడాల విషయంలో 1964 నాటి వెనిస్ చార్టర్ ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్న సూత్రాన్ని స్థిరపరిచింది. పాత వాహనాల విషయంలో ట్యురిన్ చార్టర్ అదే దారిలో నడుస్తుంది.

ఇంటి దగ్గర చేసే పనికి ఈ సూత్రం ఎలా వర్తిస్తుంది? కార్బొరేటర్ శుభ్రం చేయడం, కాంటాక్ట్ పాయింట్ల మధ్య ఖాళీ సరిచేయడం, సైలెన్సర్‌లో పేరుకున్న కార్బన్ తీయడం, ఎండిపోయిన వైర్లు, బ్రేకు లైనర్లు మార్చడం సంరక్షణ కిందికి వస్తాయి. వీటిలో వెనుకాడవలసిన పని లేదు. బ్రేకులు, టైర్ల విషయంలో పాతదనం కోసం భద్రతను వదులుకోరాదు. తుప్పుపట్టిన మడ్‌గార్డును అదే కొలతతో చేయించడం పునరుద్ధరణ. జావాలో కిక్ రాడ్డే గేర్ రాడ్డుగా కూడా పనిచేస్తుంది. దానిని తీసి వేరే ఏర్పాటు చేస్తే అది రూపమార్పు, పైగా ఆ బండి ప్రత్యేకతనే పోగొట్టడం.

అలాగని రూపమార్పుకు చరిత్ర లేదని అనుకోకండి. 1950, 60లలో బ్రిటన్ యువకులు హ్యాండిల్ తగ్గించి, అనవసర భాగాలు తీసేసి కేఫ్ రేసర్ శైలిని సృష్టించారు. పాల క్యాన్ల కొక్కేలు వెల్డింగ్ చేయించిన రైతు చేసినది కూడా రూపమార్పే. మొదటిది వేగం కోసం, రెండవది బతుకుతెరువు కోసం. కర్మాగారం నుండి వచ్చిన నాటి రూపమే అసలైనదని పట్టుబట్టి ఆ కొక్కేలను కోసి పారేస్తే, బండి కొత్తగా మెరుస్తుంది గాని ముప్పై ఏళ్ల శ్రమ చరిత్ర పోతుంది. కాబట్టి తిరిగి బిగించడానికి వీలైన మార్పులే చేయండి. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచండి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పెట్రోలు ఆవిరి మిగిలిన ట్యాంకుకు వెల్డింగ్ చేయించకూడదు, అది పేలవచ్చు. వాడిన ఆయిల్‌ను మోరీలో, చేనులో పారబోయకండి. ఈ ప్రాంతంలో పారే నీరు రెండు జలాశయాల వైపు వెళుతుంది.

9.6 చట్టం ఏమి చెబుతుంది?

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని ఈ చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది.

2021లో కేంద్రం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. వాటి నంబరులో వి.ఏ. అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, అది 10 సంవత్సరాలు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు వంటి అవసరాలకు తప్ప రోజువారీ ప్రయాణానికి, వ్యాపారానికి వాటిని వాడరాదు.

ఇక్కడొక వైరుధ్యం ఉంది. పాలు మోసిన బండి చరిత్ర దాని వాడకంలో ఉంది. వింటేజ్ గుర్తింపు పొందితే ఆ వాడకం ఆగిపోతుంది. పొందకపోతే, వయసు మీరిన బండిని మామూలు నియమాల కింద నడపడం ఏటేటా కష్టమవుతుంది. చివరకు తూకానికి అమ్ముడుపోతుంది. ఈ రెండింటి మధ్య నిర్ణయం యజమాని చేతిలో ఉంటుంది. ఏ నిర్ణయం తీసుకున్నా దానికి ముందు బండి చరిత్రను రాసి ఉంచడం చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
వింటేజ్ వాహనంగా గుర్తింపు పొందడానికి కావలసిన రెండు ప్రధాన అర్హతలు తెలపండి.

9.7 సారాంశం

లైసెన్సుల కాలంలోని కొరత, తూర్పు యూరప్ దేశాలతో సంబంధాలు, నగరం అంచున ఉన్న పల్లెల వ్యవసాయం, మెకానిక్కుల నైపుణ్యం అన్నీ ఒక చిన్న మోటారు సైకిల్‌లో కలిసి కనిపిస్తాయి. పునరుద్ధరణలో మొదట చేయవలసినది నమోదు, తరువాత సంరక్షణ, ఆ తరువాతే మార్పు. కర్మాగారం ఇచ్చిన రూపం ఎంత ముఖ్యమో, వాడినవారు చేర్చిన గుర్తులు అంతే ముఖ్యం.

9.8 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1951–1991 మధ్య ప్రభుత్వ పారిశ్రామిక విధానం ద్విచక్ర వాహన రంగాన్ని ఎలా తీర్చిదిద్దిందో వివరించండి.
2. పాల క్యాన్ల కొక్కేలు ఉన్న రాజ్‌దూత్‌ను కర్మాగార రూపానికి తేవడం సరైనదేనా? కారణాలతో చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. మీ ఊరిలోని ఒక పాత వాహనాన్ని ఎంచుకుని, 9.4లో చెప్పిన నాలుగు అంశాల ప్రకారం దాని చరిత్రను నమోదు చేయండి.