ఆ 'గేట్' ఎక్కడిది?

2014లో ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిపోతోందని గోల: బెండ్‌గేట్. 2008 సిడ్నీ టెస్టులో హర్భజన్, సైమండ్స్ గొడవ: మంకీగేట్. బొగ్గు గనుల కేటాయింపుల స్కామ్: కోల్‌గేట్. అన్నిటికీ ఒకటే తోక. ఏంటీ గేట్?

నిజానికి గేటుకీ కుంభకోణానికీ సంబంధమే లేదు. వాటర్‌గేట్ అనేది వాషింగ్టన్‌లో పొటోమాక్ నది పక్కనున్న బిల్డింగ్ కాంప్లెక్స్ పేరు. 1972 జూన్ 17 అర్ధరాత్రి దాటాక, తలుపు లాక్‌కి టేప్ అంటించి ఉండటం సెక్యూరిటీ గార్డ్ ఫ్రాంక్ విల్స్ గమనించి పోలీసులకు ఫోన్ చేశాడు. డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో ఐదుగురు దొరికారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. కేసును కప్పిపుచ్చడంలో ప్రెసిడెంట్ నిక్సన్ పాత్ర ఆయన ఆఫీసు టేపుల్లోనే బయటపడింది. 1974 ఆగస్టు 9న దిగిపోయాడు. పదవికి రాజీనామా చేసిన అమెరికా ప్రెసిడెంట్ ఇప్పటికీ ఆయనొక్కడే.

తర్వాత జనం ఆ పేరులో వెనక సగం విరగ్గొట్టి వాడటం మొదలుపెట్టారు. హాంబర్గర్ కూడా అంతే కదా! అది జర్మనీలోని హాంబర్గ్ ఊరి పేరు నుంచి వచ్చింది. దాన్ని విరిచేసి చీజ్‌బర్గర్, వెజ్ బర్గర్ అంటున్నాం.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఈ గేట్‌ని బాగా పాపులర్ చేసింది న్యూయార్క్ టైమ్స్ కాలమిస్ట్ విలియం సఫైర్. అంతకుముందు ఆయన ఉద్యోగం? నిక్సన్‌కి స్పీచ్‌లు రాయడం! తర్వాత వచ్చిన కార్టర్ ప్రభుత్వంలో బడ్జెట్ డైరెక్టర్ బర్ట్ లాన్స్ వివాదాన్ని లాన్స్‌గేట్ అన్నాడు. ఇలా ప్రతిదానికీ గేట్ తగిలిస్తే పాత బాస్ తప్పు కూడా పదిట్లో ఒకటిలా కనిపిస్తుందని విమర్శకులు అన్నారు.

ఆలోచిస్తే భయమేస్తుంది. కోల్‌గేట్‌లో 2014లో సుప్రీంకోర్టు 214 బొగ్గు బ్లాకుల కేటాయింపులు రద్దు చేసింది. అది దేశ సంపద. వంగిన ఫోనుకీ దానికీ ఒకటే తోక తగిలిస్తే, రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి. పైగా కోల్‌గేట్ అనగానే టూత్‌పేస్ట్ గుర్తొచ్చి నవ్వేస్తాం.

అందుకే ఈసారి హెడ్‌లైన్‌లో గేట్ కనిపిస్తే, ఆ తోక తీసేసి చదవండి. ఎవరు, ఏం చేశారు, ఎవరికి నష్టం? ఈ మూడింటికీ జవాబు దొరికితేనే అది స్కామ్. లేదంటే ఉత్త పేరే.