పడికి 51

తిరుమల శ్రీవారి పోటులో, అంటే వంటశాలలో, లెక్క 51తో మొదలవుతుంది. 51 లడ్డూలు కలిస్తే ఒక పడి. పడికి ఏ సరుకు ఎంత పడాలో నిర్ణయించే కొలతల పట్టిక పడితరం దిట్టం. ఎన్ని కావాలో ముందు తేలాలి, ఆ తర్వాతే సరుకు ఉగ్రాణం, అంటే సరుకుల కొట్టు, దాటాలి. పెద్ద వంటశాలలన్నీ పాటించే ఈ క్రమానికి మన గుళ్లలో ఇంత చక్కటి పేరుంది. దాన్ని హోటల్ వంట నేర్పే పాఠాల్లోకీ తెచ్చుకోవాలని నా కోరిక.

టీటీడీ ఈ దిట్టాన్ని 1950లో ఖరారు చేసింది, 2001లో సవరించింది. దాని ప్రకారం 5,100 లడ్డూలకు చక్కెర 400 కిలోలు, శనగపిండి 180, ఆవునెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. మొత్తం 803 కిలోలు. 5,100 అంటే సరిగ్గా 100 పడులు. కాబట్టి పడికి చక్కెర 4 కిలోలు, శనగపిండి కిలో 800 గ్రాములు, నెయ్యి కిలో 650. పెద్ద అంకెల వెనక పాత పడి చెక్కుచెదరకుండా ఉంది.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. 803 కిలోలను 5,100కు పంచితే ఒక్కోదానికి 157 గ్రాములే వస్తుంది. చేతికందే లడ్డూ మాత్రం దాదాపు 175 గ్రాములు తూగుతుంది. ఆ తేడా ఎక్కడిది? దిట్టంలో నీళ్ల ఊసు లేదు. పిండి జారుగా కలపడానికి, పాకం పట్టడానికి పోసిన నీళ్లలో కొంత ఆవిరైపోగా మిగిలింది లడ్డూలోనే ఉండిపోతుంది. పాకం ముదిరితే బరువు తగ్గుతుంది, లేతబడితే ఉండ నిలవదు. సరుకు తూకం కాగితం చెబుతుంది, పాకం తీగ చెప్పాల్సింది వేలి కొసే. ఈ వంటలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

ఒకప్పుడు కూలి కూడా పడిలోంచే వచ్చేది. లడ్డూలు చేసే వంశపారంపర్య హక్కుదారులైన మిరాశీదారులకు, అంటే గమేకార్లకు, 51లో 11 దక్కేవి. వంట పూర్తయ్యేసరికే ఎవరి వాటా ఎంతో తేలిపోయేది, పంచడానికి మిగిలేవి 40. 1987 నాటి రాష్ట్ర దేవాదాయ చట్టం మిరాశీని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. వాటా పోయింది, దిట్టం నిలిచింది.

ఇప్పుడు రోజుకు 3 లక్షల లడ్డూలు చేయాలంటే అదే పట్టికను దాదాపు 59 సార్లు వేయాలి. నెయ్యి 10 టన్నులకు కాస్త తక్కువ. యాలకులు, పడికి 40 గ్రాముల చొప్పున, 235 కిలోలు.