బేగంపేట గాజుపలకల నుంచి గయా దాకా

జూన్ నెలలో రాత్రి పదింటికి పాత విశాఖపట్నం జిల్లా కొయ్యూరులో దక్షిణం వైపు చూస్తే, కొండల వరస మీద, నడినెత్తికీ నేలకీ మధ్య సగానికి పైగా ఎత్తున వృశ్చికం తల కనబడుతుంది. అందులో ఉంది అనూరాధ. ఆ చుక్కనీ, దాని చుట్టూ కంటికి ఆనని వేల చుక్కల్నీ ఫొటో తీసి, ఒక్కొక్కటీ ఎక్కడుందో కొలిచి, పుస్తకంగా అచ్చువేసే పని ఒకప్పుడు మన తెలుగు నేల వాటాకే వచ్చింది. ఆ పని జరిగింది హైదరాబాద్ బేగంపేటలో. ఆ కొలతల అసలు విలువ తెలిసింది మాత్రం డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత, అంతరిక్షంలోకి ఒక టెలిస్కోపు వెళ్లాక.

ఆకాశాన్ని చూడటం వేరు, సర్వే చేయటం వేరు. చూసినవాళ్లు మన పాత విశాఖపట్నం జిల్లాలోనే ఉన్నారు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో విశాఖ డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవటాన్ని అక్కడినుంచి పరిశీలించాడు. మెచ్చుకోవలసిన పనే. కానీ అది ఒక మనిషి, ఒక రోజు, ఒక విశేషం. సర్వేలో విశేషం ఏమీ ఉండదు. పొలం మంచిదా చవిటిదా అని చూడకుండా ప్రతి గట్టుకీ నంబరు వేసి అడంగల్ రాసినట్టు, ప్రతి చుక్కకీ ఒక చోటు రాసుకుంటూ పోవటమే.

ఆకాశానికి అలాంటి అడంగల్ రాయాలన్న సంకల్పం 1887లో పారిస్‌లో పుట్టింది. అక్కడి వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే పలు దేశాల ఖగోళ శాస్త్రజ్ఞుల్ని పిలిచి సభ పెట్టాడు. అప్పటికి ఖగోళ శాస్త్రంలో ఫొటోగ్రఫీ కొత్త. పాల్, ప్రాస్పర్ హెన్రీ అనే అన్నదమ్ములు ఆకాశాన్ని ఫొటో తీయటానికే ప్రత్యేకంగా ఒక టెలిస్కోపు తయారుచేసి ఉన్నారు. అలాంటి పరికరాలతో, ఒకే పద్ధతిలో, ఆకాశం మొత్తాన్ని వేధశాలలన్నీ పంచుకోవాలని తీర్మానించారు. రెండు డిగ్రీల చదరానికి ఒక గాజుపలక. పదకొండో తరగతి కాంతి దాకా ఉన్న చుక్కలన్నిటికీ కేటలాగు. ఇంకా మసక చుక్కలతో పటాలు వేరే. పటాల పేరు కార్త్ దు సియెల్.

మొదట ఒప్పుకున్న వేధశాలలు 18. అందరూ మాట నిలబెట్టుకోలేదు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీ దేశంలోని సాంటియాగోకి వెళ్లింది. అక్కడ అది ముందుకు సాగలేదు.

హైదరాబాద్ రంగంలోకి వచ్చింది ఇక్కడే. నిజాం కొలువులోని నవాబు జఫర్ జంగ్‌కి ఖగోళం మీద మోజు. 1901లో ఇంగ్లండులో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొని, ఫిసల్‌బండ దగ్గర పెట్టించి, దానికి నిజాం పేరు వచ్చేలా నిజామియా వేధశాల అన్నాడు. ఆయన 1907లో పోయాడు. మరుసటి ఏడు ప్రభుత్వం దాన్ని తీసుకుని ఛాట్‌వుడ్ అనే ఇంగ్లీషాయనను అధిపతిగా వేసింది. వేధశాల బేగంపేటకు మారింది. ఫొటోలకు 8 అంగుళాల కుక్ టెలిస్కోపు అమర్చారు. సాంటియాగో వదిలేసిన పట్టీ నిజామియా నెత్తికెత్తుకుంది.

1914 నుంచి 1929 దాకా ఆ పట్టీ ఫొటోలు తీశారు. మొత్తం 1260 పలకలు. 1914లో అధిపతిగా వచ్చిన పోకాక్ నాలుగేళ్లకే చనిపోయాడు. తర్వాత పగ్గాలు పట్టిన టి.పి. భాస్కరన్ 1944 దాకా నడిపించాడు. 1924 మే 7న కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపేనాటికి బేగంపేటలో ఈ ఫొటోల పని మొదలై పదేళ్లయింది. దక్షిణ పట్టీ తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తిచేయలేకపోయిన ఉత్తర భాగం, 36 నుంచి 39 డిగ్రీలది కూడా హైదరాబాదే అందుకుని, 1928–1938 మధ్య తీసేసింది. రెండు ఖండాల వాళ్లు వదిలేసిన పనిని మనవాళ్లు ఎత్తుకున్నారన్న సంగతికి మన పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కకపోవటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఫొటో తీయటం ఇందులో సులువైన భాగం. ప్రతి పలక మీదా అయిదు మిల్లీమీటర్ల గళ్లు ముద్రించి ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పలకను పెట్టి, ఏ చుక్క ఏ గడిలో ఉంది, అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని మనుషులు కొలిచి రాయాలి. ఒకటి కాదు, లక్షలు. వాటికన్‌లో ఈ పని నలుగురు సన్యాసినులు చేశారు, వారి ఫొటోలు ఇప్పుడు లోకమంతా తిరుగుతున్నాయి. బేగంపేటలో కళ్లు కాయలు కాసేలా కొలిచినవాళ్లను తలుచుకునేవాళ్లే లేరు. ఆ కొలతలు మాత్రం 12 సంపుటాలుగా అచ్చయ్యాయి.

అచ్చయ్యాక? దాదాపు ఏమీ కాలేదు. ఆ సంపుటాల్లో ఉన్నవి పలక మీది అడ్డం నిలువు కొలతలే. వాటిని ఆకాశంలోని స్థానాలుగా మార్చాలంటే ప్రతి పలకకీ మళ్లీ లెక్క కట్టాలి. కంప్యూటర్లు లేని కాలంలో ఆ చాకిరీకి ఎవరు కూర్చుంటారు? పటాల పని అసలు పూర్తే కాలేదు. ఈలోగా అమెరికా వాళ్లు చుక్కల వెలుగును విడదీసి అవి దేనితో చేసినవో, ఎంత వేడివో తేల్చే పనిలో పడి ముందుకెళ్లిపోయారు. ఈ బృహత్ పథకం ఐరోపా ఖగోళ శాస్త్రాన్ని వెనక్కి లాగిందని నిందించినవాళ్లున్నారు. 1970లో దాన్ని అధికారికంగా ముగించారు.

కథ తిరగబడింది 1989 ఆగస్టులో. ఐరోపా అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. చుక్కల స్థానాలు కొలవటమే దాని పని. 1,18,218 చుక్కల్ని అతి కచ్చితంగా కొలిచింది. దానిలోనే ఉన్న టైకో అనే మరో ఏర్పాటు పది లక్షలకు పైగా చుక్కల స్థానాలు ఇచ్చింది. చిక్కల్లా కాలం. చుక్కలు కదులుతాయి, కానీ ఉపగ్రహం పనిచేసిన మూడున్నరేళ్లలో మసక చుక్కల కదలిక తేలదు. అది పట్టుబడాలంటే అదే చుక్క చాలా ఏళ్ల కిందట ఎక్కడుందో తెలియాలి.

పాత గాజుపలకలు అక్కరకొచ్చింది అప్పుడే. 1987–1994 మధ్య మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థ ఆ పాత సంపుటాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించింది. అమెరికా నౌకాదళ వేధశాల వాటిని స్థానాలుగా మార్చి, 46 లక్షల చుక్కల ‘ఏసీ 2000’ కేటలాగు చేసింది. కోపెన్‌హాగన్‌లోని ఎరిక్ హోగ్ బృందంతో కలిసి 2000లో 25 లక్షల పైచిలుకు చుక్కలతో టైకో-2 వెలువరించింది. లెక్క చూడండి: పాత పలకల్లో తప్పు ఆర్క్ సెకను అనే అతిచిన్న కోణంలో సుమారు అయిదో వంతు ఉండొచ్చు. దాన్ని ఎనభై ఏళ్లకు పంచితే ఏడాదికి ఆర్క్ సెకనులో నాలుగువందలో వంతే మిగులుతుంది. ఏళ్లు గడిచినకొద్దీ పాత కొలత బలహీనపడదు, బలపడుతుంది. టైకో-2లోని కదలికలన్నిటికీ ఆధారం ఈ పాత కేటలాగూ, నేలమీది మరో 143 కేటలాగులూ. హైదరాబాద్ పట్టీలు అందులో భాగం.

2013 డిసెంబరులో ఎగిరిన ఐరోపా అంతరిక్ష సంస్థ ఉపగ్రహం గయా కూడా మొదటి విడతలో ఇదే దారి పట్టింది. 2016లో, తన పద్నాలుగు నెలల కొలతలకు 1991 నాటి టైకో స్థానాలు జోడించి 20 లక్షల చుక్కల దూరాలూ కదలికలూ చెప్పింది. తర్వాత ఏళ్ల తరబడి సొంత కొలతలు పోగుపడ్డాయి కాబట్టి పాతవాటితో అవసరం తీరింది. 2022 నాటి మూడో విడతలో సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. 2025 జనవరిలో గయా పరిశీలనలు ఆపింది.

మన దేశమూ ఊరుకోలేదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. నేలకు చేరని ఎక్స్ కిరణాల్లోనూ, అతినీలలోహిత కాంతిలోనూ చూసే టెలిస్కోపు అది. ఇక బేగంపేట సంగతికొస్తే, నిజామియాలో పనిచేసిన ఉద్యోగి కొడుకు, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో తాను తీసిన ఫొటో పలక మీదే కొత్త తోకచుక్కను పట్టాడు. బేగంపేట గుమ్మటాలు ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఆవరణలో ఉన్నాయి. పాడుబడకుండా కాపాడాల్సిన కట్టడాలవి.

జఫర్ జంగ్‌కి టెలిస్కోపు కొనాలంటే నవాబై ఉండాల్సి వచ్చింది. నర్సీపట్నంలో డిగ్రీ చదివే కొయ్యూరు పిల్లకు ఇప్పుడు ఆ అవసరం లేదు. ఇప్పటిదాకా విడుదలైన గయా కొలతలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం, అనుమతి అడిగే పని లేదు. కావలసింది కాస్త గణితం, కాస్త ప్రోగ్రామింగ్, పాఠం చెప్పే మాస్టారు. నాలుగో విడతను 2026 డిసెంబరులో విడుదల చేస్తామని ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రకటించింది.