తెలుగు యాక్షన్ చిత్రాల్లో పసివాడు, కాపాడేవాడు

దిక్కులేని పిల్లవాడు ఒకడు, బతుకే బరువైపోయిన మనిషి మరొకడు. ఇష్టం లేకపోయినా ఆ మనిషి బిడ్డకు అడ్డునిలిచే కథలకు తెలుగులో నేటికీ కొలమానం ‘పసివాడి ప్రాణం’. ఈ కథాబీజం ప్రపంచ సినిమాలో పాతదే. 1921 నాటి చాప్లిన్ ‘ది కిడ్’లో దేశదిమ్మరి తనకు దొరికిన పసికందును వదిలించుకోవాలని నానా తంటాలు పడి, చివరకు తానే పెంచుతాడు.

మనకు మాత్రం ఇది కేరళ నుంచి వచ్చింది. 1986లో ఫాజిల్ మమ్ముట్టితో తీసిన ‘పూవిను పుతియ పూంతెన్నల్’ దీనికి మూలం. గీతా ఆర్ట్స్ పతాకంపై అల్లు అరవింద్ నిర్మించిన తెలుగు చిత్రం ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1987 జూలై 23న విడుదలైంది. ప్రేమించిన అమ్మాయి పోయాక తాగుడుకు బానిసైన మధు (చిరంజీవి) దగ్గరికి, హత్యను కళ్లారా చూసిన పిల్లవాడు చేరతాడు. వాడికి వినపడదు, మాటలు రావు. సాక్షి ఉన్నాడు గాని సాక్ష్యం చెప్పలేడు. ఉత్కంఠంతా అక్కడే ఉంది. హంతకుడు కనబడగానే బిగుసుకుపోయే ఆ చిన్న మొహం ముందు ఏ డైలాగూ నిలవదు. ఆ అబ్బాయిగా నటించింది బేబి సుజిత అనే పాప. మలయాళంలోనూ, తమిళ ‘పూవిళి వాసలిలే’లోనూ ఆ పాత్ర ఆమెదే. మలయాళంలో కథానాయకుడు చనిపోతాడు, తెలుగులో బతికించారు. అది సరైన మార్పే. తాగుబోతును మళ్లీ మనిషిని చేసిన బిడ్డను రెండోసారి అనాథను చేస్తే మన ప్రేక్షకుడు ఒప్పుకోడు.

2023లో అనిల్ రావిపూడి ‘భగవంత్ కేసరి’ ఇదే దారిలో ఒక అడుగు ముందుకు వేసింది. ఇక్కడ బాలకృష్ణ ఆడపిల్లను కాపాడి ఊరుకోడు, తనను తాను కాపాడుకునేలా తయారుచేస్తాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా దీనికి జాతీయ అవార్డు వచ్చింది.

విజయవాడ నేపథ్యంగా దేవ కట్టా తీసిన ‘ఆటోనగర్ సూర్య’ (2014 జూన్ 27) ఈ కథనే తిరగేసింది. అమ్మానాన్నలు పోయిన పిల్లవాణ్ణి అయినవాళ్లే చేరదీయరు. మెకానిక్ షెడ్డే వాడికి దిక్కవుతుంది. లారీ కింద దూరి, మేస్త్రీ అడిగిన పానా అందిస్తూ పని నేర్చుకునే కుర్రాళ్లు ఆటోనగర్‌లో కొత్త కాదు. కాపాడేవాడు రాకపోతే పసివాడు ఏమవుతాడన్న ప్రశ్నను ఈ సినిమా సూటిగా అడిగింది. పెద్దయ్యాక సూర్య (నాగచైతన్య) దౌర్జన్యాల మీద తానే తిరగబడతాడు. విడుదల బాగా ఆలస్యమై, ఆశించినంత ఆడలేదు. అయినా ఈ కోవ చిత్రాల చరిత్రలో ‘పసివాడి ప్రాణం’ పక్కన పెట్టి చూడాల్సిన సినిమా ఇదే.